అయిదు గళ్ల ఇంగ్లిష్

ఇంగ్లిష్‌లో ‘క్యూ’ అన్న మాటకు అయిదక్షరాలు. మొదటిది క్యూ. దాని వెనక యు, ఇ, యు, ఇ నోరు మెదపకుండా వరసలో నిలబడి ఉంటాయి. ఆ నాలుగింటినీ చెరిపేసినా పలుకు మారదు. రేషన్ షాపు ముందు నిలబడే తెలుగువాళ్లు అదే మాటను ఒక్క అక్షరంతో రాసేస్తారు. మాటలో ఇన్ని అక్షరాలే ఉండాలి, ఫలానా అక్షరం ఫలానా చోటే రావాలి అనే ఇంగ్లిష్ పదక్రీడలకు పలుకుతో పనిలేదు. అవి రాతనే లెక్కపెడతాయి.

అమెరికాలో ఆ లెక్కను శ్రద్ధగా కట్టినవాడు ఆల్ఫ్రెడ్ బట్స్. న్యూయార్క్ ఆర్కిటెక్టు. 1930ల ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయి ఖాళీగా ఉన్నప్పుడు, న్యూయార్క్ టైమ్స్ వంటి పత్రికలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కించాడు. ఆ లెక్క నుంచి పుట్టిందే స్క్రాబుల్. 1948లో జేమ్స్ బ్రూనో దానికి ఆ పేరు పెట్టి మార్కెట్లోకి తెచ్చాడు. ఆటలో మొత్తం 100 బిళ్లలు. ఎక్కువగా వాడే ‘ఇ’కి 12 బిళ్లలు, బిళ్లకు ఒక్క పాయింటే. అరుదైన క్యూ, జెడ్‌లకు ఒక్కో బిళ్లే, విలువ మాత్రం 10. పత్రికల్లో తరచు కనిపించే ఎస్‌కు నాలుగే ఇచ్చాడు బట్స్. లేకపోతే ప్రతి మాటకూ చివర ఒక ఎస్ తగిలించి బహువచనం చేసి పాయింట్లు దండుకునేవాళ్లు మరి.

క్యూ చేతికి వచ్చి యు రాకపోతే ఆటగాడికి తలనొప్పే. అందుకే క్యూ, ఐ అనే రెండక్షరాలతో రాసే ‘చీ’ అన్న మాట 2006లో అమెరికా టోర్నమెంట్ల జాబితాలోకి చేరగానే ఆట తీరే మారింది. ఆ చైనా మాటకు ప్రాణశక్తి అని అర్థం. అర్థం తెలియకపోయినా పాయింట్లు మాత్రం వస్తాయి. ఇంగ్లిష్‌కు తెలుగు ఇచ్చిన మాట కూడా ఒకటుంది: బాండికూట్. అది మన పందికొక్కే. ఇక్కడ నాలుగక్షరాల్లో ఇమిడిన ఆ జీవి ఇంగ్లిష్‌లో తొమ్మిదక్షరాలు సాగింది. స్క్రాబుల్ ఆటగాడి చేతిలో ఉండేవి ఏడు బిళ్లలే కనుక, బోర్డు మీద తక్కిన రెండూ ముందే సరైన చోట పడి ఉంటే తప్ప పందికొక్కు బయటికి రాదు.

పదం పొడవును అయిదుకు బిగించేసిన ఆట వర్డిల్. బ్రూక్లిన్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు జాష్ వార్డిల్ తన సహచరి పాలక్ షా కోసం తయారుచేశాడు. అయిదక్షరాల ఇంగ్లిష్ మాటలు దాదాపు 12,000 ఉంటే, వాటిలో తనకు తెలిసినవి ఏరి జాబితాను 2,500 దాకా కుదించింది ఆమే. ఆట అందరికీ నచ్చడానికి సగం కారణం ఈ ఏరివేతే అనుకోవాలి. 2021 నవంబర్ 1న ఆడినవాళ్లు 90 మంది. రెండు నెలలకు మూడు లక్షలు దాటారు. 2022 జనవరి 31న న్యూయార్క్ టైమ్స్ దాన్ని కొన్నట్టు ప్రకటించింది.

దాచిన మాటను ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి. అక్షరం సరైన చోట పడితే ఆకుపచ్చ, మాటలో ఉండి చోటు తప్పితే పసుపు, లేకపోతే బూడిద రంగు. అవధానంలో నిషిద్ధాక్షరి విన్నవారికి ఈ బూడిద రంగు కొత్తగా అనిపించదు. ఒక్కో అక్షరమే నిషేధమవుతుంటే మిగిలినవాటితోనే నెట్టుకురావాలి.

అసలు చిక్కు నాలుగు ఆకుపచ్చలు పడ్డాక మొదలవుతుంది. ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్ మాటల్లో చివరి నాలుగక్షరాలూ ఒకటే. పలుకు వేరైనా ‘ఎయిట్’ కూడా రాతలో ఈ గుంపుదే. చక్కగా ప్రాస కుదిరినా ‘వైట్’కు మాత్రం ఇందులో చోటు లేదు. ఒక్కొక్కటే ప్రయత్నిస్తూ పోతే ఆరూ అయిపోతాయి. ఇక్కడ ‘ఫిల్మ్స్’ అని కొట్టడం మేలు. ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగింటి సంగతీ ఒక్క దెబ్బకు తేలిపోతుంది. దొరికిన అక్షరాలను తర్వాతి ప్రయత్నాల్లోనూ వాడి తీరాల్సిన హార్డ్ మోడ్‌లో ఈ కిటుకు చెల్లదు.

పొడవు దేశాన్ని బట్టి మారడమూ ఉంది. 2022 జనవరిలో ‘ఫేవర్’ జవాబుగా వచ్చినప్పుడు బ్రిటన్ ఆటగాళ్లు మండిపడ్డారు. వాళ్ల స్పెల్లింగ్‌లో దానికి ఆరక్షరాలు. మొదటి ప్రయత్నంగా ఏ మాట మంచిదన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అచ్చులు ఎక్కువని ‘ఆడియో’తో మొదలుపెట్టేవాళ్లు చాలామంది. ఎమ్‌ఐటీ పరిశోధకులు కంప్యూటర్‌తో లెక్కగట్టి ‘సాలెట్’కు ఓటేశారు. అది మధ్యయుగపు సైనికుల శిరస్త్రాణం పేరు.

వర్డిల్‌కు ఎంతో ముందే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ అయిదక్షరాల మాటలు 5,757 పోగుచేశాడు. ఒక్క అక్షరం మారిస్తే ఏ మాట ఏ మాటగా మారుతుందో చూసి, అలాంటి జంటలన్నిటినీ గీతలతో కలిపాడు. ‘లైట్’ చుట్టూ చుట్టాలే. 671 మాటలకు మాత్రం ఒక్క పొరుగు కూడా దొరకలేదు. వాటికి ‘అలూఫ్’, అంటే ఎవరితోనూ కలవనివి, అని పేరు పెట్టాడు. ‘అలూఫ్’ కూడా అయిదక్షరాల మాటే. ఆ 671లో అదీ ఒకటి.