లంక: పదవిచారము

లంక యనగానే పండితులకు రావణుని పురము స్ఫురించును. కృష్ణాతీరమునందలి కృషీవలునకు ఏటినడుమ ఒండ్రుమేటపై వెలసిన సేద్యపునేల స్ఫురించును. ఈ రెండర్థములలో ఏది మొదటిదో యిచ్చట మేము విచారింతుము.

సంస్కృతమున లంక ప్రధానముగా స్థలనామము. రామాయణమున నది పురము. సూర్యసిద్ధాంతమున ఉజ్జయినీ మధ్యాహ్నరేఖపై నిరక్షస్థానము. కోశములందు కొమ్మ, కులట, ధాన్యవిశేషము అను అర్థములును గలవు. తమిళమున పదాది లకారమును తొల్కాప్పియము అంగీకరింపదు గనుక, ఇకారము ముందు చేరి ఇలంగై యైనది. సంగసాహిత్యమున నల్లియక్కోడను డేలిన మావిలంగై తమిళభూమియందలి పురమే కాని సముద్రద్వీపము గాదు. సింహళమున నీ పదము 'లక్' అయినది. 1972లో సిలోను శ్రీలంక యైనది.

తెలుగున మాత్ర మిది జాతివాచకము. లంకలు అని బహువచనము గలదు. లంకభూములు, లంకపొగాకు అని సమాసములు గలవు. కృష్ణాతీరమున ఎడ్లంక, చిరువోలులంక, పెసర్లంకలును, కొల్లేటిలో గుడివాకలంకయు వెలసినవి. వరద మేటవేసిన ప్రతి దిబ్బకును దశకంఠుని పురము పేరు పెట్టిరనుట పొసగదు. సామాన్యనామము విశేషనామమగుట లోకసిద్ధము. రేవను అర్థముగల పారసీకపదము 'బందరు' మచిలీపట్టణమునకు పేరు గాలేదా? కావున ద్వీపార్థమే ప్రాచీనమని మా యభిప్రాయము.

2024 సెప్టెంబరులో ప్రకాశం బారేజివద్ద 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి లంకలను ముంచెను. ఏరు కోసిన లంకను విడిచి జనులు తరలినచో, వారి నోటి మాటలును తరలిపోవును. మేట, పాయ, కోత, దిబ్బ మున్నగు పదముల యర్థభేదములను ఆ రైతులనుండియే నేడు సేకరింపవలసియున్నది.