పేరులోనే ఉంది ఊరు!

రాజులు పెట్టిన పేర్లు శాసనాల్లో నిద్రపోతున్నాయి. జనం పెట్టుకున్న పేర్లు బస్సు బోర్డుల మీద బతికున్నాయి. పెన్నా సముద్రంలో కలిసే చోట, ఇందుకూరుపేట నుంచి మైపాడు దాకా ఊరి పేర్లను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే... ఒకప్పటి రేవులు, సంతలు, చెట్లు, మంచినీళ్లు అన్నీ అందులోనే దాగున్నాయి.

నెల్లూరులో 'మైపాడు గేటు' అంటే తెలియనివాళ్లుండరు. అక్కణ్నుంచి తూర్పుగా బస్సెక్కితే దారికి రెండు పక్కలా వరి చేలు. మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ నేల ఇది. ఇంకాస్త ముందుకు వెళ్తే రొయ్యల గుంటలు, బకింగ్‌హామ్ కాలువ, సరుగుడు తోటలు. ఆ తర్వాత ఇసుక, అలలు. పాతిక కిలోమీటర్ల ప్రయాణం. ఆదివారమైతే పిల్లాపాపలతో మైపాడు బీచ్ కిటకిటలాడుతుంది.

ఈ దారిలో వచ్చే ఊళ్ల పేర్లు ఒకసారి చదవండి. ఇందుకూరుపేట, జగదేవిపేట, గంగపట్నం, కుడితిపాళెం, ముదివర్తిపాళెం, పల్లిపాడు, మైపాడు. పేట, పట్నం, పాళెం, పాడు... ఒక్కొక్క పేరుకీ ఒక్కో తోక. ఇవి నోటికొచ్చినట్టు తగిలించినవి కావు. ఊరు పుట్టినప్పుడు అక్కడ ఏం జరిగేదో చెప్పే ఆనవాళ్లు.

పేరు మధ్యలో ఊరు

ముందు మండల కేంద్రం సంగతే చూద్దాం. ఇందుకూరుపేట. ఇందులో 'పేట' తర్వాత వచ్చి చేరింది. పేట అంటే కొనుగోళ్లూ అమ్మకాలూ జరిగే చోటు, అంగళ్లున్న వీధి. అది తీసేస్తే మిగిలేది ఇందుకూరు. దాన్ని ఇంకాస్త విడదీస్తే చివర 'ఊరు' బయటపడుతుంది. ముత్తుకూరు, కందుకూరు, ఊటుకూరు... అన్నీ ఇదే అచ్చులో పోసిన పేర్లు.

మరి మొదటి ముక్క? తెలుగులో 'ఇందుగ' అనే చెట్టుంది. చిల్లచెట్టు అని కూడా అంటారు. దాని గింజను కుండ లోపల అరగదీసి బురద నీళ్లు పోస్తే మట్టి అడుక్కి దిగి నీళ్లు తేటపడతాయి. కాలువ నీళ్లే తాగాల్సిన రోజుల్లో ప్రతి ఇంటికీ కావలసిన గింజ. చెట్టు పేరుతో ఊరు వెలవడం మనకు కొత్త కాదు. వేమూరు, తాడేపల్లి, మర్రిపాడు అలా వచ్చినవే. పెన్నకు ఉత్తరాన విడవలూరు మండలంలో పొన్నపూడి ఉంది. పొన్న సముద్రపుగాలికి తట్టుకుని పెరిగే చెట్టు. దాని గింజల నూనెతో పూర్వం దీపాలు వెలిగించేవారు. ఈ వరసలో ఇందుకూరును ఇందుగ చెట్టుతో ముడిపెట్టాలనిపించడం సహజమే. అయితే పోలిక వేరు, రుజువు వేరు. పాత శాసనంలో పేరు ఏ రూపంలో ఉందో చూశాకే మాట ఖాయం చేస్తారు పండితులు.

అన్నట్టు, ఇందుకూరుపేట ఒక్క నెల్లూరు సొత్తే కాదు. గోదావరి ఒడ్డున దేవీపట్నం మండలంలో ఇందుకూరు ఉంది, ఇందుకూరుపేటా ఉంది! ఇద్దరు దూరపు చుట్టాలు ఒకే తాత పేరు పెట్టుకున్నట్టు రెండు నదుల దగ్గర రెండు ఊళ్లు.

'పాడు' అంటే పాడైపోవడం కాదు

"మీ ఊరి పేరులోనే పాడు ఉందిగా" అని మైపాడు, పల్లిపాడు వాళ్లను ఆటపట్టించేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. నిజానికి అక్కడి 'పాడు'కూ పాడుబడ్డ ఇంటికీ సంబంధం లేదు. ఊరి పేరు చివర వచ్చే పాడుకు అర్థం పల్లె, నివాసం. తమిళంలో 'పాడి' దీనికి తోబుట్టువు. ద్రావిడ భాషల నిఘంటువు ఈ రెంటినీ ఒకే మూలం కింద చూపిస్తుంది. ఉలవపాడులో ఉలవలు, మర్రిపాడులో మర్రిచెట్టు... ఇక ఆ ఊళ్లు పాడయ్యేదెక్కడ?

పల్లిపాడులో అయితే తమాషా ఉంది. 'పల్లి' అన్నా ఊరే, 'పాడు' అన్నా ఊరే. మొదటి మాట పేరుగా స్థిరపడిపోయి, అర్థం మరుగున పడ్డాక రెండో మాట వచ్చి చేరుతుంది. 'గేటు తలుపు', 'నడి మధ్య' అంటాం చూడండి, అలాగే.

మైపాడు దగ్గరకొచ్చేసరికి ఊహలకు రెక్కలొస్తాయి. తెలుగులో 'మై' అంటే ఒళ్లు. తమిళంలో 'మై' అంటే కాటుక. రెంటితోనూ చక్కటి కథ అల్లొచ్చు. కుడితిపాళెం పేరు వినగానే పశువుల కుడితి గుర్తొచ్చినట్టే ఇదీ. ఊళ్ల పేర్ల విషయంలో చెవికి ఇంపుగా ఉన్న కథే తొందరగా నమ్మిస్తుంది. ఆ తొందరే ప్రమాదం.

అందుకు నెల్లూరే సాక్ష్యం. 'నెల్లి' అంటే ఉసిరి. ఉసిరిచెట్టు కింద వెలసిన శివుడు కలలో కనిపించాడనీ, మూలస్థానేశ్వరుడి గుడి అలా వచ్చిందనీ, అదే నెల్లూరైందనీ స్థలపురాణం. 'నెల్లు' అంటే వరి, వరి పండే ఊరు కాబట్టి నెల్లూరు అనేది ఇంకో మాట. ఇంటికొస్తే రెండూ రుచే! ఒకటి గుడి చెప్పే కథ, ఒకటి పొలం చెప్పే కథ.

రాజు పోయాడు, రేవు మిగిలింది

పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి ఏలిన నెల్లూరుకు విక్రమసింహపురి అని ఘనమైన పేరుండేది. తిక్కన నడయాడిన నగరం. జనం మాత్రం నెల్లూరనే అన్నారు. సింహపురి పద్యాలకూ సన్మాన పత్రాలకూ పరిమితమైంది. 2008లో విశ్వవిద్యాలయం పేరుగా మళ్లీ వాడుకలోకి వచ్చింది. అదే ఏడాది జిల్లాకు పొట్టి శ్రీరాములు పేరు పెట్టారు.

ఇందుకూరుపేటకు దక్షిణాన ఉన్న కృష్ణపట్నానిదీ ఇలాంటి కథే. తెలుగు చోడుల కాలంలో అది కొల్లితురై. 'తురై' అంటే తమిళంలో రేవు. ఆ తర్వాత గండగోపాలుడి బిరుదుతో గండగోపాలపట్టణమైంది. ఇప్పటి పేరును కృష్ణదేవరాయలికి ముడిపెడతారు. పాలకుడు మారినప్పుడల్లా ముందు ముక్క మారింది. 'రేవు' అనే అర్థం మాత్రం చెక్కుచెదరలేదు.

ఎందుకంటే తీరంలో 'పట్నం' అంటే సిటీ కాదు. ఓడలు ఆగే ఊరు. విశాఖపట్నం, మచిలీపట్నం, నాగపట్నం... అన్నీ సముద్రం ఒడ్డునే ఉండటం అందుకే. ఇందుకూరుపేట మండలంలోని గంగపట్నం పేరులోనూ ఆ మాటే ఉంది. ఇప్పుడక్కడికి జనం వెళ్లేది ఓడెక్కడానికి కాదు, చాముండేశ్వరి అమ్మవారి దర్శనానికి. గంగ అంటే నీళ్లు. సముద్రం మీదికి వెళ్లేవాళ్లకు గంగమ్మ తల్లి. పడవల సంగతి మరిచిపోయినా పేరు మరిచిపోలేదు.

ఈ తీరానికి ఓడలు రావడం నిన్నా మొన్నటి మాట కూడా కాదు. 1780లలో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న రైతు నాగలికి ఓ కుండ తగిలింది. అందులో రోమన్ బంగారు నాణేలు! ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల కాలం నాటివి. అంటే దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే రోము సొమ్ము ఈ నేలకు చేరింది.

నోరు తిరగక మారిన పేర్లు

తర్వాత వచ్చిన తెల్లవాళ్లు ఊళ్లతో పాటు పేర్లనూ తమ నోటికి అనువుగా మార్చుకున్నారు. చోళమండలం 'కోరమాండల్' అయింది. పళవేర్కాడు 'పులికాట్' అయింది. దుగరాజపట్నం కథ ఇంకా చిత్రం. 1626లో ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తక స్థావరం పెట్టింది. అందుకు సాయపడిన ఆర్ముగ ముదలి పేరే 'ఆర్మగాన్' అయిందంటారు. అక్కడ అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో ఇంకాస్త దక్షిణంగా స్థలం సంపాదించాడు. మరుసటి ఏడాది కంపెనీ మకాం అక్కడికి మారింది. అదే మద్రాసు. మహానగరానికి ముందుమాట మన తీరంలోనే రాశారన్నమాట!

కాలువకూ దొర పేరే. 1806 నుంచి ముక్కలు ముక్కలుగా తవ్వుకుంటూ వచ్చిన ఉప్పునీటి కాలువకు, 1876-78 నాటి కరువులో పనికి ఆహారంగా చేపట్టిన తవ్వకం తర్వాత, మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు స్థిరపడింది. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. రోడ్లూ రైళ్లూ పెరగక ముందు బియ్యం, ఉప్పు, కట్టెలు పడవల మీద మద్రాసు చేరింది ఈ కాలువలోనే. తవ్వినవాళ్లు ఆకలితో మట్టి మోసిన కూలీలు. పేరు మాత్రం ప్రభువుది.

పల్లిపాడుకు వచ్చిన పేరు

అందరి పేర్లూ ఇలా బోర్డులకెక్కవు. కొందరి వల్ల ఊరికే పేరొస్తుంది. పెన్నా ఒడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ఒక ఆశ్రమాన్ని ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దాని నిర్మాతలు. స్థలం సమకూర్చడంలో పొణకా కనకమ్మ చేయి ఉంది. దక్షిణాఫ్రికాలో గాంధీజీకి తోడునీడగా ఉన్న పార్సీ రుస్తుంజీ విరాళమిచ్చారు. దానికి పెట్టిన పేరు పినాకినీ సత్యాగ్రహాశ్రమం.

పినాకిని అంటే పెన్నే. శివుడి విల్లు పినాకం. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి దాదాపు 600 కిలోమీటర్లు ప్రవహించి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే నది ఇది. పుస్తకాల్లో పినాకిని, నోట్లో పెన్న. ఆశ్రమానికి నది పేరు పెట్టుకున్నారు తప్ప ఏ నాయకుడి పేరూ పెట్టుకోలేదు. వందేళ్లు దాటినా ఆ పేరు పాతబడలేదు.

ఆ నదే ఊళ్లను విడదీసింది కూడా. ఉత్తరపు గట్టున ముదివర్తి, దక్షిణపు గట్టున ముదివర్తిపాళెం. పేరు చూస్తే తల్లీపిల్లల్లా ఉంటాయి. పాళెం అంటే మొదట సైన్యం విడిది. పాళెగాడు అందులోంచి వచ్చినవాడే. పోనుపోను చిన్న పల్లెకు అదే మాట వాడుకైంది. గుంటూరు, కృష్ణా వైపు 'పాలెం' అంటే నెల్లూరు నోట 'పాళెం' అని గట్టిగా పలుకుతుంది. తీరం వెంట కనిపించే పట్టపుపాళేలు చేపల వేటతో బతికే పట్టపువారివి. తమిళ తీరంలోని పట్టనవర్‌లతో వారికి దగ్గరి పోలిక. ఆ మాట వెనకా ఉన్నది పట్టణమే, అంటే రేవే.

దొరువు ఎండితే...

ఇదంతా పాత ముచ్చటేనా? కాదు. ఈ తీరపు మాటల్లో 'దొరువు' ఒకటుంది. ఇసుక నేలలో లోతు లేకుండా తవ్విన నీటి గుంట. వాన నీరు ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి దాని మీద పొరలా నిలుస్తుంది. ఆ పొరను మెల్లగా తోడుకుంటే సముద్రానికి కూతవేటు దూరంలోనూ తియ్యటి నీళ్లు. అత్యాశపడి లోతుగా తోడితే ఉప్పు పైకొస్తుంది. ఆ తెలివంతా ఒక్క మాటలో ఇమిడింది.

1990లలో ఈ తీరమంతా రొయ్యల గుంటలు వెలిశాయి. డబ్బొచ్చింది, మేడలొచ్చాయి. తెల్లమచ్చ తెగులొచ్చి అప్పులూ వచ్చాయి. తాగునీరు, పొలాలు ఉప్పుబారుతున్నాయని వ్యాజ్యం నడిచింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ ప్రాంతంలో రొయ్యల చెరువులు వద్దని తీర్పు చెప్పింది. 2005లో కొత్త చట్టం వచ్చి, అనుమతులతో సాగు మళ్లీ సాగింది. ఇవాళ దొరువు అంటే ఏమిటని పిల్లల్ని అడిగితే తెల్లమొహం వేస్తారు. నీళ్లు బబుల్ క్యాన్లలో వస్తున్నాయి మరి! మాట పోతే పోయిందిలే అనుకోవచ్చు. కానీ ఎంత లోతున ఆగాలో చెప్పిన హెచ్చరిక కూడా దాంతోపాటే పోతుంది.

పేర్లకూ అదే గండం. ఇంగ్లిషులో 'ఇందుకూర్‌పేట్' అని రాసేసరికి మధ్యలో ఉన్న 'ఊరు' కాస్తా ఎగిరిపోయింది. ఫోను మ్యాపులో చూసి పిల్లలు దాన్నే పలుకుతున్నారు. మన వీధులకు, కాలనీలకు పెడుతున్న కొత్త పేర్లలో చెట్టూ లేదు, నీళ్లూ లేవు. వందేళ్ల తర్వాత ఎవరైనా విప్పి చూస్తే అందులో ఏం దొరుకుతుంది?

పాత పేర్లను భద్రం చేసే పని ఇంతకుముందు జరిగింది. 1873లో బాస్వెల్ నెల్లూరు జిల్లా చరిత్రను మాన్యువల్‌గా కూర్చాడు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి జిల్లాలోని రాగిరేకులు, శిలాశాసనాలను సంపుటాలుగా అచ్చువేశారు. ఆ పనిలో మిగిలిపోయినవి మన ఇళ్లల్లోనే ఉన్నాయి. పాత దస్తావేజుల్లో చేల హద్దులు, గుంటల పేర్లు, దిబ్బల పేర్లు. వాటిని చదివి చెప్పగల తాతయ్యలు, నాయనమ్మలు.

ఈసారి మైపాడు వెళ్లినప్పుడు అలలు చూసి, వేయించిన చేపలు తిని వచ్చేయకండి. దారిలో బోర్డులు చదవండి. పక్కసీట్లో పెద్దాయన ఉంటే "తాతా, ఈ ఊరికి ఆ పేరెలా వచ్చింది?" అని అడగండి. చెప్పింది కథే కావచ్చు, చరిత్రే కావచ్చు. దిగాల్సిన స్టాపు వచ్చేదాకా మీకు విసుగు మాత్రం రాదు!

తోకను బట్టి ఊరు

పాడు, పూడి, పల్లి: జనం నివసించే పల్లె
పేట: అంగళ్లున్న వీధి, సంత
పట్నం: తీరంలో అయితే ఓడరేవు
పాళెం: మొదట సైన్యం విడిది, తర్వాత చిన్న పల్లె
తురై: తమిళంలో రేవు
కుప్పం: పులికాట్ వైపు జాలర్ల పల్లె