గాయం ఎడమవైపు

గడియారంలో ఆరు సెకన్లు మిగిలాయి. ఓరెగాన్ 32, ఒహాయో స్టేట్ 31. బంతి ఒహాయో కుర్రాళ్ల దగ్గరే ఉంది. ఇంకో నాలుగడుగులు జరిపి, ఒక్క సెకను మిగుల్చుకుంటే చాలు, కిక్కర్ వచ్చి మూడు పాయింట్ల కోసం తన్నేవాడు. క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ అటూ ఇటూ చూశాడు. మధ్యలో ఖాళీ కనిపించింది. బంతి చంకన పెట్టుకుని పరుగెత్తి, దెబ్బ తగలకుండా నేలమీదికి జారాడు. లేచి చూసేసరికి గడియారం సున్నా చూపిస్తోంది.

2024 అక్టోబరు 12, శనివారం రాత్రి. మ్యాచ్ జరిగింది ఎక్కడో పడమటి తీరాన యూజీన్‌లో. నేను చూసింది ఒహాయో రాష్ట్రం కొలంబస్ శివారు డబ్లిన్‌లో, మా మేనకోడలి ఇంట్లో. తను హైదరాబాదులో బీటెక్ చేసి, ఎమ్మెస్‌కి ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి వెళ్లి, ఆ ఊళ్లోనే ఉద్యోగంలో స్థిరపడింది. ఆ శివార్లలో మన తెలుగు ఇళ్లు బాగానే ఉన్నాయి. శనివారం వస్తే వాటిలో చాలా ఇళ్ల ముందు కూడా ఒహాయో స్టేట్ ఎర్రజెండా ఎగురుతుంది.

మ్యాచ్ అయ్యాక అయిదు నిమిషాలు గదిలో ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడటం మొదలయ్యాక మూడు వారాలు ఆగలేదు.

ముందుగా ఒక మాట. ఇది మనం ఫుట్‌బాల్ అనే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతితో, పదకొండు మందికి పదకొండు మంది ఎదురుగా నిలబడి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు గెలవాలి. గెలిస్తే మళ్లీ నాలుగు దొరుకుతాయి, లేకపోతే బంతి అవతలివాళ్లది. ఇక కాలేజీ ఆట అన్నామని చిన్నచూపు చూడక్కర్లేదు. ఒహాయో స్టేడియంలో కూర్చునేది 1,02,780 మంది. గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది కనక దాన్ని అందరూ ‘షూ’ అంటారు. మన దగ్గర క్రికెట్ ఓడిన మర్నాడు టీకొట్టు దగ్గర ప్రతివాడూ సెలెక్టర్ అయినట్టు, అక్కడ ఆదివారం పొద్దున పెట్రోలు బంకు దగ్గర, చర్చి మెట్ల మీద, ఆఫీసు లిఫ్టులో ఆ ఊరి జనమంతా కోచ్‌లైపోతారు.

అందరి వాదనా మొదట ఆ ఆరు సెకన్ల మీదే. హోవర్డ్ ఎందుకు జారాడు? టైమవుట్ ముందే ఎందుకు పిలవలేదు? దానికి ముందరి ప్రయత్నంలో ఓరెగాన్ మైదానంలోకి పదకొండు మందికి బదులు పన్నెండు మందిని దింపింది. శిక్ష అయిదు గజాలే, కానీ ఆ ప్రయత్నం తినేసిన నాలుగు సెకన్లు తిరిగి రాలేదు. కావాలనే చేశారని ఊరంతా అంది. ఓరెగాన్ కోచ్ డాన్ లానింగ్ కూడా తర్వాత ఆ సంగతి దాచుకోలేదు. ఆ వారంలోనే కాలేజీ క్రీడల జాతీయ సంఘం జోక్యం చేసుకుని, ఇకమీద అలా జరిగితే గడియారాన్ని వెనక్కి తిప్పే వీలు కల్పించింది. రూలు మారింది కానీ స్కోరు మారదు కదా.

మేనకోడలితో ఆఫీసులో పనిచేసే ఒక స్థానికుడు, పాతికేళ్లవాడు, మర్నాడు మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. కోపంతో కుతకుత ఉడికిపోతున్నాడు. కోచ్ రయాన్ డే వెళ్లిపోవాల్సిందే అన్నాడు. అతని కోపానికి కారణం ఉంది. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరుతో డబ్బు సంపాదించుకోవచ్చు. ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారడమూ సులువైంది. 2024 జట్టు కోసం సుమారు రెండు కోట్ల డాలర్లు ఖర్చయిందని క్రీడా విభాగం అధిపతే చెప్పాడు. మన లెక్కలో నూట అరవై కోట్లకు పైమాటే. హోవర్డ్ కాన్సాస్ స్టేట్ నుంచి వచ్చాడు. క్విన్‌షాన్ జడ్కిన్స్ మిసిసిపీ నుంచి, కేలబ్ డౌన్స్ అలబామా నుంచి. “ఇంతమందిని తెచ్చుకుని, పెద్ద మ్యాచ్ వచ్చేసరికి ఒక్క పాయింటుతో ఓడిపోతే ఇక ఎప్పుడు గెలుస్తారు?” అన్నాడతను. అంతకుముందు మూడేళ్లూ మిషిగన్ చేతిలో ఓడిన సంగతి అతని గొంతులో ఉంది, నోటితో మాత్రం చెప్పలేదు. ఆ ఊళ్లో ఆ పేరు ఎత్తడానికి ఇష్టపడరు. మిషిగన్ వారంలో క్యాంపస్ బోర్డుల మీద ‘ఎమ్’ అక్షరం కనిపించినచోటల్లా ఎర్రగీత కొట్టేస్తారు.

పక్కింటి పెద్దాయన రిటైరైన బడిపంతులు. కంచె అవతల ఆకులు ఊడుస్తూ ఇదంతా విని, చీపురు పక్కన పెట్టి వచ్చాడు. ఆయనకు కోచ్‌ని మధ్యలో తీసేయడమంటే 1987 గుర్తొస్తుంది. ఆ ఏడాది నవంబరులో, సరిగ్గా మిషిగన్ మ్యాచ్ ఉన్న వారం సోమవారం నాడు, కోచ్ ఎర్ల్ బ్రూస్‌ను తొలగిస్తున్నట్టు యూనివర్సిటీ ప్రకటించింది. క్రీడా విభాగం అధిపతి రిక్ బే నిరసనగా తనూ రాజీనామా చేశాడు. శనివారం ఆటగాళ్లు తలకు ‘ఎర్ల్’ అని రాసిన పట్టీలు కట్టుకుని దిగి, మిషిగన్ సొంత మైదానంలో 23-20తో గెలిచారు. తర్వాత వచ్చిన జాన్ కూపర్ పదమూడేళ్లలో మిషిగన్ మీద గెలిచింది రెండుసార్లే. ఈ కథ చెబుతుంటే పెద్దాయన కళ్లు చెమర్చాయి. ముప్ఫై ఏడేళ్ల కిందటి మ్యాచ్ అది. “ఆ పిల్లలు అలా కట్టుకుని వస్తే మాకు తలెత్తుకోవడం కష్టమైంది,” అన్నాడు.

మా మేనకోడలు ఇద్దరికీ అడ్డు చెప్పలేదు. వంటింట్లోకి వెళ్లి పళ్లెంలో అయిదు జీడిపప్పులు వరసగా పేర్చి తెచ్చింది. వాటి వెనక ఒక ఏలక్కాయ.

“మామయ్యా, ఈ ఏలక్కాయ హోవర్డ్. ముందు అయిదుగురూ లైన్. వీళ్లు బంతి పట్టుకోరు, పాయింట్లు తేరు, టీవీ వీళ్లని చూపించదు. హోవర్డ్ కుడిచేతివాటం. బంతి విసరడానికి తిరిగితే ఎడమవైపు వీపు పెడతాడు. అటునుంచి ఎవడొస్తున్నాడో కనిపించదు. అక్కడ కాపలా ఉండేవాడు ఇదిగో, ఈ చివరివాడు. లెఫ్ట్ టాకిల్.” అని ఎడమ చివరి జీడిపప్పును తీసి నోట్లో వేసుకుంది. “నిన్న మోకాలు పోయింది ఇతనికే. జాష్ సిమన్స్. మిగతా సీజన్‌కి ఇక ఉండకపోవచ్చు. మీరందరూ చివరి ఆరు సెకన్ల గురించి కొట్టుకుంటున్నారు. నాకు మాత్రం ఈ ఖాళీ చూస్తే భయమేస్తోంది.”

పళ్లెంలో నాలుగు జీడిపప్పులూ, ఎడమపక్క ఏమీ లేని ఏలక్కాయా మిగిలాయి. అప్పటిదాకా నాకు ఈ ఆట ఒకరి మీద ఒకరు పడటంలా కనిపించేది. ఆ క్షణం నుంచి నేను బంతిని చూడటం మానేసి ఎడమ అంచును చూడటం మొదలుపెట్టాను.

తర్వాతి శనివారం ఆట లేదు. రెండు వారాల ఖాళీ దొరికితే వాదన ఇంకా ముదిరింది. కొందరు డిఫెన్స్ నడిపే జిమ్ నోల్స్‌ను తిట్టారు. ఓరెగాన్ మ్యాచ్‌లో పొడవాటి పాసులకు దొరికిపోయిన డెంజెల్ బర్క్‌ను కూర్చోబెట్టాలన్నారు ఇంకొందరు. అవన్నీ అర్థం లేనివి కావు, ఆ రాత్రి డిఫెన్స్ నిజంగానే చిల్లులు పడింది. అక్టోబరు 26న నెబ్రాస్కా షూకి వచ్చింది. సులువుగా గెలుస్తారనుకున్న మ్యాచ్ 21-17 దాకా వచ్చి గట్టెక్కింది. ఎడమ అంచున కొత్తగా నిలబడిన కుర్రాడు ఒక్కో ప్రయత్నానికీ ఒక్కో అడుగు వెనక్కి నెట్టబడుతుంటే, పరుగులకు దారే దొరకలేదు. చివరికి అతనికీ దెబ్బ తగిలింది. గెలిచాక కూడా జనం మౌనంగా మెట్లు దిగారట. గెలిచిన ఊళ్లో అంత దిగులు నేనెక్కడా చూడలేదు.

వాళ్ల దిగులుకు ఇంకో కారణం కూడా ఉందని నాకనిపిస్తుంది. జాతీయ ప్లేఆఫ్‌కు పన్నెండు జట్లను తీసుకోవడం ఆ ఏడాదే మొదలు. అంతకుముందు పదేళ్లు నాలుగే జట్లు. ఇంకా వెనక్కి వెళ్తే ఇద్దరికే చోటు. ఒక్క ఓటమి అంటే సీజన్ పోయినట్టే అన్న లెక్క అక్కడి వాళ్ల రక్తంలో ఉంది. రూలు మారినంత తొందరగా గుండె మారదు.

నవంబరు 2న పెన్ స్టేట్‌తో వాళ్ల ఊళ్లోనే. లక్షా పదివేలకు పైగా జనం. ఖాళీని పూడ్చడానికి కోచ్‌లు చేసిన పని చూసి మేనకోడలు సోఫాలోంచి లేచి నిలబడింది. ఎడమ గార్డ్‌గా ఆడే డొనొవాన్ జాక్సన్‌ను ఒక స్థానం బయటికి జరిపి టాకిల్ చేశారు. అలవాటు లేని చోటు, ఎదురుగా అబ్దుల్ కార్టర్. ఆ ఏడాది దేశంలో క్వార్టర్‌బ్యాక్‌లను అంతగా హడలెత్తించినవాళ్లు కొద్దిమందే. మొదట్లోనే హోవర్డ్ విసిరిన బంతిని పెన్ స్టేట్ పట్టేసి టచ్‌డౌన్ చేసింది. 10-0. పెద్దాయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. జాక్సన్ మాత్రం నెమ్మదిగా కుదురుకున్నాడు.

నాలుగో క్వార్టర్లో పెన్ స్టేట్ ఒహాయో గోల్ గీతకు మూడు గజాల దూరం దాకా వచ్చింది. నాలుగు ప్రయత్నాలూ ఒహాయో అడ్డుకుంది. అప్పుడు బంతి ఒహాయోకి దక్కింది, తమ గోల్ గీతకు గజం దూరంలో, గడియారంలో అయిదు నిమిషాల 13 సెకన్లు. ఒక్క పాస్ లేదు. పరుగు, మళ్లీ పరుగు, మళ్లీ పరుగు. నేను ఎడమ అంచునే చూస్తున్నాను. జాక్సన్ వంగుతాడు, లేస్తాడు, ఎదుటివాణ్ణి రెండడుగులు నెడతాడు, మళ్లీ వచ్చి వంగుతాడు. అలా గడియారం సున్నా అయ్యేదాకా బంతి అవతలివాళ్లకు ఇవ్వలేదు. 20-13. మూడు వారాల వాదనకు ఆ అయిదు నిమిషాలు జవాబు అనుకున్నాను. ఆ ఆనందంలో మర్నాడు హైదరాబాదు విమానం ఎక్కాను.

నా అంచనా తప్పు. నవంబరులో ప్రాక్టీసులో, లైన్ నడిమధ్యన నిలబడే సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్ మడమ నరం తెగింది. అయిదు జీడిపప్పుల్లో రెండోది పోయింది. నవంబరు 30న మిషిగన్ వచ్చింది, అప్పటికే అయిదు మ్యాచ్‌లు ఓడిన జట్టు. ఇక్కడ రాత్రి పదిన్నర, నేను ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. మిషిగన్‌కు మధ్యలో మేసన్ గ్రాహం, కెనెత్ గ్రాంట్ అని ఇద్దరు కొండల్లాంటివాళ్లు. ఒహాయో పదేపదే వాళ్ల మీదికే పరుగెత్తింది. బయట జెరెమయా స్మిత్, ఎమెకా ఎగ్బూకా లాంటి రిసీవర్లు బంతి కోసం చూస్తూ నిలబడ్డారు. 13-10తో మిషిగన్ గెలిచింది. వరసగా నాలుగో ఏడాది. మ్యాచ్ అయ్యాక మిషిగన్ ఆటగాళ్లు మైదానంలో తమ జెండా పాతబోతే రెండు జట్లూ కొట్టుకున్నాయి, పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టారు.

ఆ రోజు తిట్టినవాళ్ల పక్షాన నేనూ ఉన్నాను. అక్టోబరులో ఆ పాతికేళ్ల కుర్రాడు తొందరపడ్డాడు అనుకున్నాను, నవంబరులో అతను చెప్పింది నిజం. సెంటర్ లేని లైన్‌తో నడిమధ్యకు పరుగెత్తించడం మొండితనమే. ఆ మొండితనాన్ని పట్టుకోవడానికి కోచ్ కానక్కర్లేదు, ఏళ్ల తరబడి శ్రద్ధగా చూసినవాళ్లకు చాలు. అభిమానుల గోలను అజ్ఞానమని కొట్టిపారేసే పత్రికా రచయితలు ఉన్నారు. నేను ఒప్పుకోను. వాళ్లు చూసేది చాలాసార్లు సరైనదే, ఎటొచ్చీ మైదానంలో అందరి చూపూ పడే చోటే వాళ్ల చూపూ పడుతుంది.

తర్వాతి కథ లోకానికి తెలుసు. ఒహాయో టెనెస్సీని 42-17తో, రోజ్ బౌల్‌లో అదే ఓరెగాన్‌ను 41-21తో, టెక్సస్‌ను 28-14తో ఓడించింది. 2025 జనవరి 20న అట్లాంటాలో నోటర్ డామ్ మీద 34-23తో గెలిచి జాతీయ విజేత అయింది. బంతి మళ్లీ బయటికి, రిసీవర్ల చేతుల్లోకి వెళ్లింది. ఎడమ అంచున జాక్సన్ నిలబడ్డాడు. ఇక్కడ అది మంగళవారం పొద్దున. వీడియో కాల్‌లో మేనకోడలి వెనక పెద్దాయన, ఆ ఆఫీసు కుర్రాడు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని ఉన్నారు. ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతుంటే ఒక్క ముక్కా అర్థం కాలేదు.

ఏప్రిల్లో ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే రోజు వచ్చింది. మొదటి రౌండ్‌లో ముప్ఫై రెండు పేర్లు పిలుస్తారు. మిన్నెసోటా ఇరవై నాలుగో పేరుగా డొనొవాన్ జాక్సన్‌ను తీసుకుంది. కాన్సాస్ సిటీ ముప్ఫై రెండోదిగా, ఆ రాత్రికి ఆఖరి పేరుగా, మోకాలు ఇంకా మానుతున్న జాష్ సిమన్స్‌ను. పొద్దున లేచేసరికి ఫోన్‌లో మేనకోడలి మెసేజ్ ఉంది. మాటలేమీ రాయలేదు. పళ్లెంలో అయిదు జీడిపప్పుల ఫొటో, ఎడమ చివర పక్కపక్కనే రెండు.