ఒడ్డున దొరికిన కుక్కపిల్లను ఇంటికి తెస్తున్నారా?

నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న మైపాడు సముద్రపు ఒడ్డుకు ఆదివారం పూట పిల్లాపాపలతో వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. కార్తీక పౌర్ణమికైతే ఇసుక వేస్తే రాలనంత జనం. వీళ్లు వచ్చి పోతారు గాని, అక్కడ ఎప్పుడూ ఉండేవి కుక్కలు. వలల్లోంచి ఏరి పారేసిన చిల్లర చేపలు తిని, పడవల నీడన పడుకుంటాయి. ఊరకుక్కలు ఎక్కువగా వానాకాలంలో ఎదకు వచ్చి, కార్తీకం మొదలు సంక్రాంతి లోపల పిల్లలు పెడతాయి. ఒడ్డుకు జనం ఎక్కువగా వచ్చేదీ ఆ రోజుల్లోనే. పిల్లకాయల కళ్లు వాటిమీద పడతాయి. "నాయనా, దీన్ని ఇంటికి తీసుకుపోదాం" అని ఒకటే పేచీ. చివరికి ఒక కుక్కపిల్ల సంచీలో కూర్చుని ఊరికి బయలుదేరుతుంది.

తీసుకుపోవడం మంచి పనే. పశ్చిమ బెంగాల్‌లో శాస్త్రవేత్తలు 300కు పైగా వీధి కుక్కపిల్లలను కొన్నేళ్ల పాటు గమనించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఏడు నెలల వయసు వచ్చేసరికి అయిదింటిలో ఒకటి మాత్రమే మిగిలింది. పోయినవాటిలో సగానికి పైగా మనుషుల ప్రమేయం వల్లనే పోయాయి. కాబట్టి ఒక పిల్లను ఇంటికి చేర్చడమంటే నిజంగానే ఒక ప్రాణాన్ని కాపాడడం.

అయితే ఆసుపత్రిలో పనిచేసే మాకు ఈ సంగతిలో మరో వైపు కూడా కనిపిస్తుంది. కుక్క కరిచిందని వచ్చినవారిని "ఎవరి కుక్క?" అని అడుగుతాం. "మాదంటే మాది కాదు గాని, మా ఇంటి ముందే ఉంటుంది. అన్నం మేమే పెడతాం" అనే జవాబు తరచుగా వింటాం. "టీకా వేయించారా?" అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఒకప్పుడు ఎవరో ముచ్చటపడి తెచ్చిన పిల్లే అది. పెద్దదయ్యాక కట్టేయలేక వదిలేశారు. అన్నం మాత్రం మానలేదు. దీన్ని మేము సగం పెంపకం అంటాం. అసలు పెంచనివారి వల్ల వచ్చే ప్రమాదం కంటే ఈ సగం పెంపకం వల్ల వచ్చే ప్రమాదమే ఎక్కువని మా అభిప్రాయం. ఆ కుక్కకు మనిషంటే బెదురు ఉండదు, పిల్లల మధ్యే తిరుగుతుంది, దానికి టీకా ఉందో లేదో ఎవరికీ తెలియదు.

ఏప్రిల్ 15న ఎవరు పెడతారు?

కుక్కను తేవాలనుకునే కుటుంబాన్ని మేము మొదట అడిగే ప్రశ్న ఇదే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. పట్టపుపాళేల్లో ఆ రెండు నెలలూ చేతిలో డబ్బు ఆడదు. నవంబరులో పుట్టిన పిల్ల సరిగ్గా అప్పటికి ఐదారు నెలల వయసులో ఉంటుంది. ఆ వయసులో ఆకలి ఎక్కువ, అల్లరీ ఎక్కువ. చెప్పులు కొరుకుతుంది, కోళ్లను తరుముతుంది. ముద్దుగా ఉండే వయసు దాటిపోతుంది. జూన్‌లో బడులు తెరిచాక దానితో ఆడుకునే పిల్లలు పగలంతా ఇంట్లో ఉండరు. వదిలేయడాలు ఎక్కువగా జరిగేది ఇలాంటప్పుడే. వేట మీద బతకని ఇళ్లకూ ఇలాంటి రోజులు ఉంటాయి. రొయ్యల గుంటల్లో నష్టం వచ్చిన ఏడు, ఆడబిడ్డ పురిటికి వచ్చిన నెల, ఇల్లు మారాల్సి వచ్చినప్పుడు కుక్క సంగతి ఏమిటి?

బాగా చూసుకుంటే నాటు కుక్క పన్నెండు, పద్నాలుగేళ్లు బతుకుతుంది. పన్నెండేళ్లంటే నాలుగు వేల మూడు వందల పైచిలుకు రోజులు. ఈ రోజు పేచీ పెట్టే ఎనిమిదేళ్ల బిడ్డ అప్పటికి చదువుకో ఉద్యోగానికో ఏ హైదరాబాదుకో, చెన్నపట్నానికో పోయి ఉంటాడు. అంటే కుక్కను తెచ్చేది బిడ్డ అయినా, పెంచేది అమ్మే. అందుకని ఆమె సరే అన్నాకే తేవాలి. పాచి ఎత్తేదెవరు, ఊరికి పోతే చూసేదెవరు అనేవి కూడా ఆ పూటే తేల్చుకోండి. అత్తగారు వద్దంటే ఆమె మాట తోసేయకండి. ఇంట్లో ఒకరికి గిట్టని కుక్క ఎక్కువ రోజులు ఆ ఇంట నిలవదు.

ఇంకో మాట. పిల్లల గుంపులోంచి జనం మగపిల్లలను ఏరుకుని, ఆడపిల్లలను అక్కడే వదిలేస్తారు. ఈ అలవాటు మనకు కుక్కల దగ్గరే మొదలు కాలేదు లెండి. ఆడకుక్క ఆరేడు నెలలకోసారి ఎదకు వస్తుంది, రెండు నెలలు మోసి నాలుగైదు పిల్లలను పెడుతుంది. అలా వదిలేసిన ఆడపిల్లలే రెండేళ్లలో ఒడ్డంతా నిండుతాయి. ఆరు నెలల వయసు దాటాక పశువుల డాక్టరుతో సంతాన నిరోధక ఆపరేషను చేయిస్తే ఈ బాధ ఉండదు. ఆపరేషను చేయించే ఉద్దేశం ఉన్నవారు ఆడపిల్లనే తెచ్చుకోండి. దానివల్ల ఇంటికీ ఊరికీ కూడా మేలు.

పిల్లను తల్లి నుంచి ఎనిమిది వారాల లోపు విడదీయకూడదు. కళ్లు తెరిచీ తెరవని దాన్ని తెచ్చి ఆవుపాలు పోస్తే విరేచనాలు పట్టుకుని నాలుగు రోజుల్లో పోతుంది.

కడుపులో పురుగులు

వీధిలో పుట్టిన పిల్ల చాలావరకు కడుపులో ఏలికపాములతోనే పుడుతుంది, అవి తల్లి నుంచి వస్తాయి. పొట్ట ఉబ్బి ఉంటే "బాగా తింది" అనుకోకండి, పురుగులు కావచ్చు. రెండు వారాల వయసు నుంచి మూడు నెలల దాకా రెండు వారాలకోసారి, తర్వాత డాక్టరు చెప్పినట్టు పురుగుల మందు పట్టాలి. కొంకిపురుగుల సంగతి మైపాడు లాంటి చోట మరీ ముఖ్యం. కుక్క ఇసుకలో దొడ్డికి పోతే, అందులోని గుడ్లు పిల్ల పురుగులై తడి ఇసుకలో బతుకుతాయి. చెప్పులు లేకుండా నడిచే మనిషి పాదంలోకి దూరతాయి. చర్మం కింద ఎర్రటి గీత వంకరటింకరగా రోజురోజుకూ పాకుతుంది, దురద రాత్రిపూట నిద్ర పోనివ్వదు. పసరు మందులతో పోయేది కాదు, మాత్రలతో పోతుంది.

వీటన్నిటికంటే మేము భయపడేది వేరే ఒకటుంది. మనది నెల్లూరు జాతి గొర్రెకు పేరుపడిన జిల్లా. గొర్రెను కోసినప్పుడు కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో నీటి బుడగల్లాంటి తిత్తులు కనిపిస్తే, పనికిరాదని తీసి కుక్కకు వేస్తారు. ఆ తిత్తుల్లో ఉన్నది ఒక రకం బద్దెపురుగు పిల్లలు. అవి కుక్క పేగుల్లో కొన్ని మిల్లీమీటర్ల పురుగులుగా ఎదుగుతాయి, కుక్కకు ఏమీ కాదు. గుడ్లు దాని మలంతో బయటికి వచ్చి దాని బొచ్చుకూ మూతికీ అంటుకుంటాయి. కుక్కను నిమిరిన చేత్తో అన్నం తిన్న బిడ్డ కడుపులోకి పోతాయి. ఆ బిడ్డ కాలేయంలో తిత్తి మెల్లగా, ఏళ్ల తరబడి పెరుగుతుంది. డాక్టర్లు దీన్నే హైడాటిడ్ సిస్ట్ అంటారు. చాలామందికి పెద్దయ్యాక, వేరే దేనికో స్కానింగు తీసినప్పుడు బయటపడుతుంది. పెద్ద తిత్తికి ఆపరేషను అవసరం కావచ్చు. లోపల పగిలితే ప్రాణానికే ముప్పు. మన దేశంలో ఈ జబ్బు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రాంతాల్లో ఎక్కువని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. ఇంత జబ్బును ఆపడానికి కావలసింది చిన్న పని. గొర్రె, మేకల లోపలి భాగాలు కుక్కకు పచ్చివి వేయకండి. పనికిరానివి లోతుగా పూడ్చండి. పశువుల డాక్టరును అడిగి బద్దెపురుగులకు పనిచేసే ప్రాజిక్వాంటెల్ మందు పట్టించండి. అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడగడం పిల్లలకు నేర్పండి.

తిండి సంగతికొస్తే, ముల్లు తీసిన ఉడికించిన చేప, అన్నం దానికి చాలా మంచి భోజనం. చేపల పులుసు మాత్రం వద్దు. ఉప్పూకారం సంగతి అటుంచి, ఉల్లిపాయ కుక్క రక్తానికి చెరుపు. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. మంచినీళ్ల గిన్నె నీడలో ఎప్పుడూ నిండుగా ఉండాలి.

రేబీస్: చిన్న పిల్లే కదా అనుకోవద్దు

"పిల్ల కదండీ, పన్ను కూడా సరిగా రాలేదు, దానికేం పిచ్చి?" అనే మాట ప్రాణాలు తీసే మాట. మూడు నెలల పిల్లకు కూడా రేబీస్ రావచ్చు. తల్లిని గాని, దాన్ని గాని పిచ్చికుక్క కరిచిందో లేదో ఒడ్డున ఎవరు చూశారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 59,000 మంది రేబీస్‌తో చనిపోతున్నారు. అందులో మూడో వంతు మన దేశంలోనే. అనుమానపు జంతువులు కరిచినవారిలో నూటికి నలభై మంది పదిహేనేళ్ల లోపు పిల్లలు. లక్షణాలు మొదలయ్యాక ఈ జబ్బుకు మందు లేదు. నీళ్లు చూసి గొంతు బిగుసుకుపోయే మనిషిని తీసుకువస్తే ఏ ఆసుపత్రి అయినా బాధ తగ్గించడం తప్ప చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. చేయగలిగిందంతా కరిచిన రోజునే ఉంది.

గాటు పడగానే, గోరు గీత అయినా సరే, కుళాయి కింద పావుగంట సేపు సబ్బుతో కడగండి. ఈ వైరస్‌కు చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని చెరుపుతుంది. అంటే కడగడమే మొదటి మందు. కారం, సున్నం, కాఫీ పొడి, ఆకు పసరు ఏదీ పెట్టకండి. ఆ తర్వాత వెంటనే ఆసుపత్రికి రండి. చర్మం లోపలికి ఇచ్చే టీకా అయితే మొదటి రోజు, 3వ, 7వ, 28వ రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయం లోపలే ఇమ్యునోగ్లోబులిన్ వేయాలి. కొందరు పెద్దవారు ఇప్పటికీ "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు" అని భయపడి రావడం మానేస్తున్నారు. గొర్రె మెదడు నుంచి తయారుచేసే ఆ పాత మందును మన దేశంలో మానేసి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటి సూదులు చేతికే వేస్తారు.

కుక్కపిల్లకు మూడు నెలల వయసులో రేబీస్ టీకా, ఏడాదికి మళ్లీ, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువు ప్రకారం వేయించాలి. పార్వో వంటి జబ్బులకు వేరే టీకాలు ఆరు, ఎనిమిది వారాల నుంచే మొదలవుతాయి. రేబీస్ టీకా పడేంతవరకు పసిపిల్లల మొహాన్ని, పుండ్లను దాన్ని నాకనివ్వకండి. కొత్త పిల్ల కరిచినా గీరినా ఆసుపత్రికి రావలసిందే. దాన్ని చంపకండి, తరిమేయకండి. పది రోజులు కట్టి, కంట కనిపెట్టి ఉండండి. పది రోజుల తర్వాత కూడా అది ఆరోగ్యంగా ఉంటే మిగిలిన టీకా సంగతి డాక్టరు చెబుతారు.

పెద్ద కుక్కను తెచ్చుకుంటే?

ఇంట్లో చిన్నపిల్లలు లేని, వయసు మళ్లిన దంపతులకు మేమైతే పిల్లకంటే రెండు మూడేళ్ల సాధు కుక్కనే తెచ్చుకోమంటాం. దాని స్వభావం అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. ఒడ్డున స్వేచ్ఛగా తిరిగినది కాబట్టి మొదటి కొన్ని వారాలు బెదురుతుంది, మంచం కింద దూరుతుంది, అన్నం తినకపోవచ్చు. ఒక మూల దానికి వదిలేయండి. రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి అన్నం పెట్టండి. మీద పడి ముద్దు చేయవద్దు. తినే కుక్కను, నిద్రపోయే కుక్కను పిల్లలు ముట్టుకోకూడదు. గుర్రుమంటే కొట్టవద్దు, అది దూరంగా ఉండమని చెప్పే మాట. కొట్టి కొట్టి ఆ మాట మాన్పిస్తే, ఈసారి చెప్పకుండా కరుస్తుంది. పగలంతా గొలుసుకు కట్టిన కుక్క కూడా కరిచే కుక్కే అవుతుంది.

ఇంటికి తెచ్చాక మనసు మారి మళ్లీ ఒడ్డున వదలడం తేలిక అనుకోకండి. జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. వీధికుక్కలను దత్తత తీసుకోదలచినవారు మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చని, తీసుకున్న కుక్క తిరిగి వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వారిదేనని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడు నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో వీధికుక్కలు ఉండరాదని ఆదేశించింది. రోగుల వెంట వచ్చినవారు మిగిలిన అన్నం ఆసుపత్రి ఆవరణలో కుక్కలకు పెట్టడం దయే గాని, ఇక్కడ వద్దు.

తెచ్చుకునే వీలు లేనివారు నొచ్చుకోనక్కర లేదు. వీధిలో నాలుగిళ్లవారు కలిసి తాము అన్నం పెట్టే కుక్కకు టీకా, ఆపరేషను చేయించినా చాలు. ఈ పని చేయించే బాధ్యతను 2023 నాటి నిబంధనలు స్థానిక సంస్థల మీద పెట్టాయి కాబట్టి పంచాయతీలో అడగడం మీ హక్కు. కుక్కల్లో నూటికి డెబ్బయింటికి టీకా ఉంటే రేబీస్ ఊరిలో పాకదు. గోవా రాష్ట్రం ఊరూరా తిరిగి కుక్కలకు టీకాలు వేసి, మూడేళ్లుగా మనుషుల్లో ఒక్క రేబీస్ మరణం కూడా లేదని 2021లో ప్రకటించింది.

ఏటా జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు రేబీస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. లూయీ పాశ్చర్ 1885లో ఒక బాలుడికి మొదటిసారి ఆ టీకా వేసిన రోజు అది. కుక్కను గట్టి తాడుతో, దానికి బాగా అలవాటైన మనిషి చేత పట్టించుకు వెళ్లండి. అక్కడ ఇచ్చే కార్డును ఇంట్లో పిల్లల టీకా కార్డులు దాచే కవరులోనే దాచండి. ఎప్పుడైనా ఆ కుక్క ఎవరినైనా కరిస్తే కార్డు వెంట తీసుకురండి. కార్డు కనిపించకపోతే దానికోసం ఇల్లంతా వెతుకుతూ ఆలస్యం చేయకండి, గాయం కడిగి ముందు మనిషిని తీసుకురండి.