వార్తల్లో పదం: రెడ్ మడ్

బాక్సైట్ నుంచి అల్యూమినా తీశాక మిగిలే ఎర్రని, ఘాటైన క్షారమున్న బురదే రెడ్ మడ్. టన్ను అల్యూమినాకు దాదాపు టన్ను, ఒక్కోసారి అంతకు మించి పోగుపడుతుంది. ఇనుము, టైటానియంతో పాటు స్వల్పంగా గాలియం, స్కాండియం ఉంటాయి. 2025 జనవరిలో కేంద్రం ఆమోదించిన జాతీయ కీలక ఖనిజాల మిషన్ ఇలాంటి వ్యర్థాల మీదా దృష్టి పెట్టింది. అయితే ఎంత లోహం ఉందన్నది సగం లెక్కే. ఏ రూపంలో ఉందన్నదే అసలు పరీక్ష. ఫిల్మ్ నగర్ సినిమాలు రీళ్ల మీద నడిచిన రోజులే ఇందుకు రుజువు. రంగుల ఫిల్మును కడిగాక బొమ్మలో మిగిలేవి రంగులే, వెండి మొత్తం ల్యాబు ద్రావణాల్లోకి దిగిపోతుంది. అది కరిగి ఉంటుంది కనుక విద్యుత్తు పంపితే పలకకు అంటుకుని తిరిగొస్తుంది. రెడ్ మడ్‌లో స్కాండియం అలా కాదు, ఇనుప ఖనిజాల్లో చిక్కుకుని ఉంటుంది. దాన్ని విడదీయడానికి ఆమ్లం చాలా కావాలి.

ఆ ఖర్చుకు గిట్టుబాటు కాదన్న అభ్యంతరం ఒక్క లోహం కోసమే తవ్వితే నిజం. కానీ బురదను ఊరికే ఉంచడమూ ఉచితం కాదు. 2010లో హంగరీలోని అయ్‌కా దగ్గర కట్ట తెగి పది మంది చనిపోయారు. ఇనుము, టైటానియం, అరుదైన లోహాలు వరుసగా తీసి, మిగిలినది సిమెంటుకు పంపే పద్ధతులకే ప్రభుత్వ సొమ్ము దక్కాలి.