పాత ఇంటి వయసెంత? హాంబర్గ్‌లో సొంతచేతి మరమ్మతులు

మన ఊళ్ళో కుళాయి కారితే ప్లంబరుకి, గోడ పెచ్చులూడితే తాపీ మేస్త్రికి కబురు పెడతాం. సుత్తి పట్టుకోవడం మన చదువులో భాగం కాదు. హాంబర్గ్‌లో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళకి మొదటి ఏడాదిలోనే తెలిసొచ్చే సంగతి ఏమిటంటే, ఇక్కడ పనివాడు దొరకడానికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. దొరికాక గంటకి అతను వేసే బిల్లు చూస్తే మనం కూడా ఇంజనీరింగు మానేసి పైపులు బిగించడం నేర్చుకుంటే బాగుండేదేమో అనిపిస్తుంది. అందుకే జర్మనులు చిన్న చిన్న పనులు తామే చేసుకుంటారు. అందుకు కావలసిన పనిముట్లు, సామాను అమ్మే ఓబీ దుకాణాలు 1970లో మొదలయినది ఈ ఊళ్ళోనే. ఇంటికి అప్పిచ్చే బ్యాంకులు కూడా యజమాని సొంత చాకిరీని పెట్టుబడిలో కొంత భాగంగా లెక్క వేస్తాయి. దానికి ఇక్కడివాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు ముస్కెల్‌హైపోటేక్. అంటే "కండల తాకట్టు" అన్నమాట.

కొత్త ఇల్లు అందుబాటులో ఉండదు. ధరకి తోడు 2023 నుంచి హాంబర్గ్‌లో కొనుగోలు పన్నే 5.5 శాతం. ఆపైన నోటరీ ఖర్చులు, దళారీ రుసుము. దాంతో రాల్‌ష్టెట్, లాంగెన్‌హోర్న్, హార్బుర్గ్ వైపుల్లో "కాస్త మరమ్మతు కావాలి" అని ప్రకటించిన పాత ఇళ్ళ మీదకి కన్ను పోతుంది. ఆ "కాస్త" ఎంతో ఇంట్లో దిగాక గాని తెలియదు.

పని ఎలా చెయ్యాలో నేర్పడానికి వీడియోలు బోలెడు ఉన్నాయి. గోడకి ప్లగ్గు బిగించడం, టైలు అంటించడం, తలుపుకి రంగు వెయ్యడం ఎవరైనా రెండు వారాంతాల్లో నేర్చుకోవచ్చు. కాని మీ గోడలో ఏముందో ఆ వీడియో తీసినవాడికి తెలియదు. అది ఆ గోడ ఏ సంవత్సరానిదో దాన్ని బట్టి ఉంటుంది. పాత ఇంటి పనిలో అసలు కష్టం చేతిలో లేదు, ఆ తేదీ తెలుసుకోవడంలో ఉంది. ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది ముఖ్యంగా దాని గురించే.

హాంబర్గ్‌లో ఈ తేదీల గొడవ మరీ ఎక్కువ. 1909లో నగర నిర్మాణ శాఖకి వచ్చిన ఫ్రిట్జ్ షూమాహర్ కాలంలో ఎర్ర ఇటుక ఈ ఊరి రూపురేఖలని మార్చేసింది. 1943 జూలై, ఆగస్టులలో జరిగిన బాంబు దాడుల్లో ఊళ్ళో సుమారు సగం ఇళ్ళు పోయాయి. యుద్ధం అయాక దొరికిన సామానుతో, శిథిలాల్లోంచి ఏరిన ఇటుకలతో హడావిడిగా మళ్ళీ కట్టుకున్నారు. అందుచేత ఒకే ఇంట్లో గోడలు 1930 నాటివి, పైకప్పు 1950 నాటిది, నేల మీది పలకలు 1968 నాటివి, స్నానాలగది 1985 నాటిది కావచ్చు. ఐదుగురు ప్రోగ్రామర్లు ఐదు కాలాల్లో రాసి, ఒక్క వ్యాఖ్య కూడా పెట్టకుండా వెళ్ళిపోయిన కోడు లాంటిది ఈ ఇల్లు. మన పాఠకులకి ఇంతకంటే వివరించక్కర్లేదు.

తేదీలు ఎక్కడ దొరుకుతాయి? మొదట జిల్లా కార్యాలయం. ఇంటి యజమానిగా మీరు అడిగితే బౌఆక్టె, అంటే ఆ ఇంటి నిర్మాణపు ఫైలు చూడనిస్తారు. తరువాత ఇల్లే చెబుతుంది. పాత లినోలియం కింద పరిచిన వార్తాపత్రికలు బయటపడుతూ ఉంటాయి; పారేసేముందు తేదీ చూడండి. అది హాంబుర్గర్ ఆబెండ్‌బ్లాట్ అయితే ఆ నేల 1948 తరువాత వేసినదే, ఎందుకంటే ఆ పత్రిక పుట్టిందే ఆ ఏడు. గోడకి కన్నం వేసినప్పుడు రాలే పొడి కూడా మాట్లాడుతుంది. ఎర్రగా ఉంటే కాల్చిన ఇటుక. తెల్లగా, గట్టిగా ఉంటే సున్నపు ఇసుక ఇటుక. తెల్లగానే ఉన్నా మెత్తగా, రవ్వలా రాలితే గాలిబుడగల కాంక్రీటు. బూడిదరంగయితే మామూలు కాంక్రీటు. డ్రిల్లు సుత్తి దెబ్బ కొట్టాలా వద్దా అన్నది దీన్ని బట్టే: గట్టి ఇటుకకీ కాంక్రీటుకీ కొట్టాలి, బోలు ఇటుకకీ మెత్తటి కాంక్రీటుకీ కొట్టకూడదు. కొడితే లోపలి అరలు పగిలి, 8 మిల్లీమీటర్ల ప్లగ్గు కోసం వేసిన కన్నంలో బొటనవేలు పడుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం, కరెంటు. ఇది మనవాళ్ళకే ప్రత్యేకమైన ప్రమాదం కనక కొంచెం నింపాదిగా చెబుతాను.

మన ఇళ్ళల్లో ఎరుపు తీగ ఫేజు, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు. చిన్నప్పటినుంచీ కంటికి అలవాటయిన రంగులు. జర్మనీలో 1960ల నడుమ దాకా వేసిన తీగల్లో నలుపు ఫేజు, బూడిదరంగు న్యూట్రలు, ఎరుపు ఎర్తు! అంటే మన కంటికి "ఇందులో కరెంటు ఉండదు" అనిపించే తీగలోనే కరెంటు ఉంటుంది. ఇప్పటి పద్ధతి మళ్ళీ వేరు: గోధుమరంగు, నలుపు, బూడిదరంగు ఫేజులు, నీలం న్యూట్రలు, పచ్చ-పసుపు చారలది ఎర్తు. ఇక్కడ బూడిదరంగుని గమనించండి. పాత తీగలో న్యూట్రలు, కొత్త తీగలో ఫేజు. నీలానిదీ అదే కథ. మన త్రీఫేజులో నీలం ఒక ఫేజు, ఇక్కడ న్యూట్రలు.

ఇందులో ఉన్న అసలు మోసం ఏమిటంటే, తప్పుగా కలిపినా దీపం వెలుగుతుంది. 1955 నాటి పైకప్పులోంచి మూడు తీగలు వేలాడుతున్నాయి అనుకుందాం. మన అలవాటు ప్రకారం ఎరుపుని ఫేజనీ, నలుపుని న్యూట్రలనీ అనుకుని దీపం కలిపితే, నిజానికి దీపం ఫేజుకీ ఎర్తుకీ మధ్య ఉంటుంది. పాత ఇంట్లో దాన్ని పసిగట్టే యంత్రం ఏదీ ఉండదు కనక దీపం చక్కగా వెలుగుతుంది. ఆ రోజునుంచీ, ఇంటివాళ్ళని కాపాడవలసిన తీగలో కరెంటు పారుతూ ఉంటుంది. ఎక్కడో ఒక జాయింటు వదులైన రోజున ఆ తీగకి తగిలించిన లోహపు భాగాలన్నీ షాకు కొడతాయి.

రెండో సంగతి, తీగలు రెండే ఉన్న ఇళ్ళు. 1973కి ముందు వేసిన వైరింగులో విడిగా ఎర్తు తీగ లాగకుండా, ప్లగ్గు పాయింటు లోపలే ఎర్తు కొనని న్యూట్రలుకి ఒక చిన్న ముక్కతో కలిపేసేవారు. బయటనుంచి చూస్తే అది మామూలు జర్మను పాయింటే, పక్కల రెండు ఎర్తు పట్టీలతో. కాని దారిలో ఎక్కడైనా ఆ న్యూట్రలు తెగితే, దానికి తగిలించిన వస్తువు లోహపు ఒంటికి 230 వోల్టులు వచ్చి కూర్చుంటాయి. ఆ వస్తువు మనం ఇండియానుంచి మోసుకొచ్చిన వెట్ గ్రైండరు అయితే, దాని పక్కన తడిచేతులతో నిలబడేది ఇంట్లోవాళ్ళే. ఇండియాలోనూ ఇక్కడా అదే 230 వోల్టులు, అదే 50 హెర్ట్జులు కనక గ్రైండరు హాయిగా తిరుగుతుంది. అయితే మన గుండ్రటి మూడు కాళ్ళ ప్లగ్గుకి తగిలించే చవకరకం అడాప్టర్లలో ఎర్తు అసలు కలవదు. వంటింట్లో చెయ్యవలసిన మొదటి మరమ్మతు బహుశా ఈ అడాప్టరుని పారేసి, గ్రైండరుకి ఇక్కడి ప్లగ్గున్న తీగని తెలిసినవాళ్ళ చేత వేయించడం.

లీకేజి కరెంటు 30 మిల్లీఆంపియర్లకి చేరేలోగానే సరఫరా తెంచేసే మీటని ఇక్కడ ఎఫ్‌ఐ అంటారు. స్నానాలగదులకి ఇది 1984 నుంచి, మామూలు ప్లగ్గు పాయింట్లకి 2007 నుంచి కొత్త వైరింగులో తప్పనిసరి. పాత ఇంట్లో లేకపోతే, అలాగే వదిలేసినంతకాలం చాలావరకు చట్టం ఊరుకుంటుంది. కాని ఒక పాయింటు కొత్తగా పెంచినా ఆ పెంచిన భాగానికి ఇప్పటి నియమాలు వర్తిస్తాయి. ఎఫ్‌ఐ మీట కొనుక్కొచ్చి రెండు తీగల వైరింగుకి తగిలించేస్తే సరిపోతుందా అంటే సరిపోదు. ముందు విడి ఎర్తు తీగ లాగాలి.

ఇంకొక ముక్క. మన ఇళ్ళల్లో జేబులో పెట్టుకునే టెస్టరు స్క్రూడ్రైవరుని నమ్మకండి. జర్మను ఎలక్ట్రీషియన్లు దాన్ని "అబద్ధాల పెన్ను" అని పిలుస్తారు. పొడి నేల మీద రబ్బరు చెప్పులతో నిలబడితే, కరెంటు ఉన్నా అది వెలగకపోవచ్చు. రెండు మొనల టెస్టరు కొనండి, ముందు పనిచేసే పాయింటులో పెట్టి చూసుకుని, ఆ తరువాత అనుమానమున్న చోట పెట్టండి.

మరి కరెంటు పనిలో మనం చేసుకోగలిగినది ఏమీ లేదా? ఉంది, చాలా ఉంది. వైరింగుని మార్చడం, పెంచడం మాత్రం సరఫరా సంస్థ జాబితాలో నమోదైన ఎలక్ట్రీషియను చెయ్యాలని నియమం. గాసు సంగతీ అంతే. కాని గోడల్లో గాడులు కొట్టడం, పైపులు, పెట్టెలు అమర్చడం, తరువాత గాడులు పూడ్చడం — ధూళీ చెమటా ఉన్న భాగమంతా యజమాని చేసుకుని, తీగలు కలపడం, పరీక్షించడం ఎలక్ట్రీషియనుకి వదలడం ఇక్కడ మామూలే. అయితే ఈ పంపకం పని మొదలెట్టక ముందే అతనితో మాట్లాడుకోవాలి. గాడులు కొట్టేశాక పిలిస్తే అతను మీ గాడులు చూసి వెనక్కి వెళ్ళిపోయే అవకాశం ఉంది.

గాడులు అన్నాను కనక ధూళి సంగతి. జర్మనీలో ఆస్బెస్టాసుని నిషేధించినది 1993లో. అంతకు ముందు వేసిన గోడపూతల్లో, టైల్సు జిగురులో, సందులు పూడ్చే లప్పంలో అది ఉండవచ్చు. 1960, 70లలో వేసిన చదరపు వినైలు పలకలలోనూ, వాటి కింది నల్లటి తారు జిగురులోనూ తరచు ఉంటుంది. దొర్లించి పరిచే మెత్తటి వినైలు చాప అడుగున బూడిదరంగు అట్టలాంటి పొర కనిపిస్తే అది ఇంకా అనుమానించదగ్గది, ఎందుకంటే అందులో పోగులు వదులుగా ఉంటాయి. పలక పగలకుండా ఉన్నంతకాలం పెద్ద భయం లేదు. దాన్ని ఉలితో పెకలించి, కింది జిగురుని మిషనుతో అరగదీసేవాడికే భయం. "చెక్క నేల ఎలా ఉందో చూద్దాం" అని వారాంతంలో ఉత్సాహంగా మొదలెట్టే మొదటి పని సరిగ్గా ఇదే కావడం దురదృష్టం. పరిశోధనశాలకి చిన్న ముక్క పంపిస్తే కొన్ని పదుల యూరోలకి సమాధానం వస్తుంది. ఉందని తేలితే ఆ పని లైసెన్సున్నవాళ్ళది, మనది కాదు.

తరువాత చెమ్మ. దీనిలో ప్రాణాపాయం తక్కువ, మనస్తాపం ఎక్కువ. ఇల్లు కొన్న ఉత్సాహంలో చలిగాలి దూరే పాత కిటికీలు తీసేసి కొత్తవి పెట్టిస్తారు. వచ్చే శీతాకాలానికి పడకగది మూలలో నల్లటి బూజు. కిటికీ కంపెనీవాడిని తిట్టుకుంటారు గాని తప్పు అతనిది కాదు. గదిలో 20 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉంటే, 12.6 డిగ్రీలకంటే చల్లబడ్డ గోడ మీద బూజు పట్టే వీలుంటుంది, 9.3 డిగ్రీలకి నీళ్ళే కారతాయి. పాత ఇంట్లో అన్నిటికంటే చల్లటి చోటు కిటికీ అద్దం. నీరు అక్కడ కట్టేది, తుడిచేవారు, మిగిలిన తేమ సందుల్లోంచి పోయేది. కొత్త కిటికీకి సందులు లేవు, అద్దం వెచ్చగా ఉంది. ఇప్పుడు చల్లటి చోటు గోడ మూల. నలుగురున్న ఇంట్లో వంట, స్నానాలు, ఊపిరి, ఆరేసిన బట్టలు కలిసి రోజుకి సుమారు 10 లీటర్ల నీటిని గాలిలోకి వదులుతాయి. మన వంటలో కుక్కరు విజిళ్ళు, ఇడ్లీ ఆవిరి అదనం.

అందుచేత తేమ కొలిచే చిన్న మీటరొకటి పెట్టుకోండి. రోజుకి రెండు మూడుసార్లు కిటికీలు బార్లా తెరిచి ఐదు నిమిషాల్లో మూసెయ్యండి. బీరువాని బయటి గోడకి ఆనించకుండా ఒక బెత్తెడు దూరం ఉంచండి. గోడ లోపలివైపు థర్మోకోలు అంటించి పైన ప్లాస్టిక్ రంగు పులమకండి. చెమ్మ దాని వెనక చేరి కనిపించకుండా పని చేసుకుపోతుంది. బయటివైపు ఇటుక గోడ తరచు రెండు పొరలది, మధ్యలో గాలి. బయటి పొరలో అక్కడక్కడ నిలువు సందులు ఖాళీగా వదిలేసి ఉంటారు. ఎలుకలు దూరతాయనో, చలి వస్తుందనో సిమెంటు పెట్టి మూసెయ్యకండి. హాంబర్గ్ వాన నిలువుగా కాదు, అడ్డంగా కొడుతుంది. లోపలికి దిగిన నీరు బయటికి పోవడానికి, గాలి ఆడడానికి పెట్టిన దారులవి.

ఇన్ని "వద్దు"ల తరువాత ఒక "చెయ్యండి". అటక మీద ఎవరూ ఉండని ఇంట్లో, ఆ అటక నేల మీద ఊలు పరుపులు పరచడం కంటే లాభసాటి సొంతపని మరొకటి లేదు. పెద్ద నైపుణ్యం అక్కర్లేదు, ఒక పొడుగాటి కత్తి, ఒక మాస్కు, రెండు శనివారాలు చాలు. పైగా 2020 నాటి భవనాల శక్తి చట్టం, ఇల్లు కొన్న రెండేళ్ళలో ఈ పని జరగాలని చాలామంది కొత్త యజమానులకి గడువు పెట్టింది. ఇక్కడా తేదీ ముఖ్యమే. అటక మీద ఇదివరకే ఊలు ఉండి, అది 1996కి ముందుదయితే, ఆ పోగులు ఊపిరితిత్తులకి మంచివి కావు. దులపకండి, పీకకండి.

మిగిలినవి క్లుప్తంగా. ఉత్తర జర్మనీలో 1970ల ఆరంభం దాకా సీసపు నీటి గొట్టాలు వేశారు. మెత్తగా, బూడిదరంగులో ఉండి, కత్తితో గీస్తే వెండిలా మెరిసే గొట్టం కనిపిస్తే పిల్లలకి ఆ నీరు తాగించకండి. 2026 జనవరి 12 లోగా అలాంటివి తొలగించాలని 2023 నాటి తాగునీటి నియమం చెప్పింది. తోటలో చిన్న షెడ్డు కోసమయినా లోతుగా తవ్వించేముందు, యుద్ధకాలపు బాంబుల అనుమానం ఆ స్థలానికి ఉందేమో అగ్నిమాపక శాఖని అడగాలి. హాంబర్గ్‌లో ఆ బాంబులు తీసే విభాగం వాళ్ళదే. ఇల్లు వారసత్వ భవనాల జాబితాలో ఉంటే కిటికీ మార్చడానికయినా ముందు అనుమతి కావాలి.

ఆదివారం డ్రిల్లు ముట్టుకోకండి. పక్కింటి పెద్దాయన అటక మీద ఊలు గురించి ఎంత ఓపికగా సలహా ఇచ్చినా, ఆదివారం డ్రిల్లు చప్పుడు వింటే అంత ఓపికగా ఉండడు. రంగులు వేసుకోండి, బ్రష్షుకి చప్పుడుండదు.