గాటు పెట్టిన కాయ

ఫిబ్రవరి వచ్చేసరికి మధ్యప్రదేశ్‌లోని నీమచ్, మంద్‌సౌర్ చేలల్లో గసగసాల పూరేకులు రాలిపోయి పచ్చని కాయలు మిగులుతాయి. మధ్యాహ్నం పూట రైతులు సన్నని మొనలున్న చిన్న పనిముట్టుతో ఒక్కో కాయకూ నిలువుగా గాట్లు పెడతారు. గాటు ఒకటి రెండు మిల్లీమీటర్లు మించకూడదు. లోతుగా దిగితే పాలు బయటికి ఊరవు, కాయ లోపలికే కారిపోతాయి. పైకి ఊరిన పాలు రాత్రంతా గాలికి చిక్కబడి గోధుమరంగుకు తిరుగుతాయి. తెల్లవారగానే వాటిని గీకి తీస్తారు. అదే నల్లమందు. అలా నాలుగైదు గాట్లు తిన్న కాయ ఎండాక, దులిపితే రాలేవే మనం కోడికూరలోకి నూరుకునే గసగసాలు. పాలల్లో ఉన్న మత్తు గింజల్లో దాదాపు ఉండదు.

గింజలను రైతు బజారులో అమ్ముకోవచ్చు. నల్లమందు మాత్రం ప్రతి గ్రామూ సర్కారుకే తూచి ఇవ్వాలి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లోనే, అదీ లైసెన్సులో రాసిన కొద్దిపాటి మడిలోనే ఈ సాగు.

ఈ కట్టడి మొదట పుట్టింది జనం ఆరోగ్యం కోసం కాదు, లాభం కోసం. 1773లో వారన్ హేస్టింగ్స్ బెంగాల్ నల్లమందును ఈస్టిండియా కంపెనీ గుత్తకు తెచ్చాడు. బిహార్, బనారస్ రైతులకు బయానా ఇచ్చి పండించి, కంపెనీ చెప్పిన ధరకే కొనేవారు. పట్నా, గాజీపూర్‌లలో సరుకును ఉండలు కట్టి, పెట్టెకు నలభై చొప్పున సర్ది కలకత్తా వేలానికి పంపేవారు. చైనాలో అది నిషిద్ధం. అందుకే అక్కడికి దొంగతనంగా చేర్చే పని ప్రైవేటు వర్తకులకు వదిలి, టీ కొనడానికి కావలసిన వెండిని మాత్రం కంపెనీ దక్కించుకుంది. 1839లో లిన్ జెషూ అనే చైనా అధికారి 20,000కు పైగా పెట్టెల సరుకును హ్యూమెన్ దగ్గర ఉప్పు, సున్నం కలిపి కరిగించి సముద్రంలోకి వదిలించాడు. బ్రిటన్ యుద్ధానికి దిగింది. 1842కల్లా హాంకాంగ్ చైనా చేజారింది. దీన్ని వ్యాపారం అనడానికి నాకు మనసొప్పదు.

గసగసాల కాయ పాలల్లోంచి నొప్పిని అణిచే మార్ఫిన్‌ను విడదీసినవాడు జర్మనీకి చెందిన జర్ట్యూర్నర్, 19వ శతాబ్దం తొలి ఏళ్లలో. మెదడులో, వెన్నుపాములో మన ఒంట్లో పుట్టే ఎండార్ఫిన్ల కోసం గ్రాహకాలున్నాయి. మార్ఫిన్ వాటికే అతుక్కుని నొప్పి కబురును అక్కడే ఆపేస్తుంది. ఊపిరిని నడిపే చోటా అవే గ్రాహకాలుంటాయి కాబట్టి మోతాదు మించితే శ్వాస ఆగుతుంది. కాపలా అవసరమే.

కానీ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వచ్చాక కాపలా ఆసుపత్రి గుమ్మానికీ చేరింది. మార్ఫిన్ కొనడానికో లైసెన్సు, నిల్వకో లైసెన్సు, రవాణాకో లైసెన్సు. ఒకటి చేతికొచ్చేలోపు ఇంకొకదాని గడువు తీరేది. జైలు భయంతో చాలా ఆసుపత్రులు, మందుల దుకాణాలు ఆ మందునే మానేశాయి. నల్లమందును ఎగుమతి చేసే దేశంలో కాన్సర్ రోగులు మంచం కోళ్లు పట్టుకుని అరిచారు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థకు ఒకే అనుమతి చాలన్నారు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రి లాంటి చోట్ల ఉపశమన వైద్యులు రోగికి మాత్రలు ఇచ్చి ఇంటికి పంపగలుగుతున్నారు. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి వేసుకోవాలి. పడుకునే ముందు మాత్రం రెట్టింపు మోతాదు రాస్తారు, మధ్యరాత్రి నొప్పి లేపకుండా.